మెఱుపు తీగలు – గిటారు విద్వాంసుల దృశ్యసంకలనము



నేటి నా ప్రసంగమునకు విషయము, ఎలక్ట్రిక్ గిటారు విద్వాంసుల వాద్యమును చూపు వీడియో ఖండములను ఏర్చి కూర్చెడి పని. ఈ మాట వినగనే పెద్దలలో కొందఱు "ఇది కుఱ్ఱవాండ్ర గోల, మనకేల?" అని రేడియో కట్టివేయ దలంపవచ్చును. కొంచె మోర్చుకొనుడని నా మనవి. నేడు మన యిండ్లలో మనుమలును మనుమరాండ్రును సాయంకాలమున చేతిలోని ఫోనులలో చూచెడి వానిలో ఇట్టి కూర్పులును ఉన్నవి. వాని నెవరో యొకరు కూర్చినారు. ఏది ముందుంచవలెను, ఏది వెనుక నుంచవలెను, ఎవరిని చేర్చవలెను, ఎవరిని విడువవలెను అను నిర్ణయము ఆ కూర్పరిదే. పిల్లవాని చెవికి మొదట తగులు రుచి ఆతడు పెట్టిన రుచియే. ఇంటిలోని బిడ్డకు అన్నప్రాశన మెవరు చేయుచున్నారో తెలిసికొనుట పెద్దల విధి గదా.

ముందుగా వాద్యము సంగతి చెప్పెదను. గిటారు సామాన్యముగా ఆఱు తీగల వాద్యము. వీణకువలె దీనికిని మెట్లు గలవు. పాత గిటారునకు బోలుగా నుండు చెక్కపెట్టె యొకటి యుండును. తీగ కంపించినప్పుడు ఆ పెట్టెయు, అందలి గాలియు కంపించి ధ్వని పెద్దదగును. కాని పెద్ద మేళములలో బాకాలును డ్రమ్ములును మ్రోగుచుండగా ఆ ధ్వని వినరాకపోయెడిది. 1931, 1932 సంవత్సరముల ప్రాంతమున అమెరికా దేశమున జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు దీని కొక యుపాయము కనిపెట్టిరి. ఉక్కుతీగల చెంత అయస్కాంతమును, సన్నని రాగితీగచుట్టను అమర్చిరి. ఉక్కుతీగ కదలినప్పుడెల్ల అయస్కాంతశక్తి చలించును. ఆ చలనముచే రాగితీగలో మిక్కిలి సన్నని విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని యాంప్లిఫయరు పెంచి లౌడుస్పీకరునకు పంపును. ఈ యమరికకే పికప్ అని పేరు. దీనికి 1937లో పేటెంటు లభించినది.

తరువాత 1950లో లియో ఫెండరు అనునాతడు బోలుపెట్టె లేకయే గట్టిచెక్కతో గిటారు చేసి అంగడికి తెచ్చెను. ఆతడు 1954లో వెలువరించిన స్ట్రాటోకాస్టరు అను రకము నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. ఇంతటి శిల్పికి గిటారు వాయించుట రాదు. వీణలు చేయు బొబ్బిలి పనివారందఱును వైణికులు కానక్కఱలేదు గదా.

విద్యుత్తు తోడైనందున కలిగిన ఫలము శబ్దము పెరుగుటతో ఆగలేదు. మీటిన నాదము వెంటనే చల్లారక కొంతసేపు నిలువ నేర్చినది. నిలిచిన నాదమును లాగవచ్చును, వణికింపవచ్చును, జార్పవచ్చును. మనము గమకమని వ్యవహరించు దానికి ఇచ్చట తావు దొరకినది. కంపితము, జారు అను మాటలు తెలిసిన మనవారికి ఈ వాద్యమును ఆలకించుట కష్టము కాదు.

ఇక కూర్పు పని. ఇది మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. మడికి సింగన పదునేనవ శతాబ్దమున సకలనీతిసమ్మతమును కూర్చెను. పూర్వకవుల నీతిగ్రంథములనుండి పద్యముల నేర్చి, విషయానుసారముగ విభజించి, ఏ పద్యము ఏ గ్రంథములోనిదో పేరు పేర్కొనెను. ముద్రామాత్యము మొదలగు కొన్ని గ్రంథములు నేడు మనకు దొరకవు. అట్టివి యుండెనని మన మెఱుగుటయు, వానిలోని కొన్ని పద్యములైనను మిగులుటయు సింగన చలువయే. ఆతడు పద్యము నెత్తి వ్రాసికొని పేరు విడిచియుండినయెడల పద్యము బ్రదికియుండెడిదే గాని అది ఎక్కడిదో చెప్పువా రుండకపోదురు. సంకలనకర్తలకు ఆతడు చూపిన మార్గము ఐదారువందల యేండ్లు గడచినను పాతబడలేదు.

నేటి వీడియో కూర్పులలో తఱచు కనబడు మొదటి లోపము సరిగా ఇచ్చటనే యున్నది. ఇరువది ఖండములు వరుసగా చూపుదురు. వాయించినవాని పేరుండదు, సంవత్సర ముండదు, ఊరుండదు. వెనుక డ్రమ్ములతో తాళము నిలిపినవాని ఊసే యుండదు. "లోకములోని అతివేగ వాదనము" అని మాత్రము పెద్ద యక్షరములు మెఱయుచుండును. సంతలో మూటలు విప్పి పోసినట్లుండును గాని సంకలన మనిపించుకొనదు.

రెండవ లోపము వేగవ్యామోహము. వేగము చెడ్డదని నేననను. 1978లో ఎడ్వర్డ్ వాన్ హాలెన్ తన బృందముయొక్క తొలి రికార్డులో 'ఇరప్షన్' అను వాద్యఖండమును వెలువరించెను. దాని నిడివి ఒక నిమిషము నలువదిరెండు సెకండ్లు. కుడిచేతి వ్రేలినిగూడ మెట్లపైకి తెచ్చి, మీటుటకు మాఱుగా తట్టి స్వరములు పుట్టించు పద్ధతి అంతకుముందు కొందఱు ఎఱిగినదే యైనను, ఈ ఖండముతో అది లోకమంతట వ్యాపించెను. 2020లో ఆతడు గతించువఱకును ఆ పద్ధతికి ఆతని పేరే చెప్పుకొనిరి. ఆ ఖండమును శ్రద్ధగా వినినచో అందు ఎత్తుగడ గలదు, నడుమ ఊపిరి గలదు, ముక్తాయింపు గలదు. అనుకరించినవారు పెక్కండ్రు వేగమును పట్టుకొని ఊపిరిని విడిచిరి. కూర్పరులు ఆ యనుకరణములనే గుదిగ్రుచ్చుచున్నారు. పది నిమిషములు చూచునప్పటికి వడగండ్లవానలో రేకులకప్పు క్రింద కూర్చున్నట్లుండును.

అట్టిచోట వేగమున కెదురుగా నిలుపదగినవాడు బి.బి. కింగ్. ఆయన 1925లో మిసిసిపి రాష్ట్రమున జన్మించి 2015లో కీర్తిశేషుడైన నల్లజాతి విద్వాంసుడు. బ్లూస్ అను గానపద్ధతికి ఆయన పెద్దదిక్కు. దుఃఖమును పాటలో చెప్పుకొని తేలికపడు పద్ధతి యది. ఆయన ఒక్క స్వరము మీటి, ఎడమచేతిని సీతాకోకచిలుక రెక్కవలె ఆడించి, ఆ కంపితముతోనే సభను కదలించెడివాడు. నోరు పాడి యాగినచోట గిటారు అందుకొని బదులు చెప్పును. తన గిటారునకు లూసిల్ అని ఆయన పేరుపెట్టుకొనెను. 1949లో అర్కాన్సా రాష్ట్రమున ట్విస్టు అను నూర నొక నృత్యశాలలో ఇద్దఱు పోట్లాడుకొని, చలి కాగుటకు మండించిన కిరసనాయిలు పాత్రను తన్నివేయగా అగ్ని చెలరేగెను. బయటపడిన కింగు గిటారుకొఱకు మరల మంటలలోనికి పోయి తెచ్చుకొనెను. ఆ పోట్లాట లూసిల్ అను స్త్రీకై జరిగినదని మఱునాడు తెలిసెను. అట్టి తెలివితక్కువ పని మరల చేయరాదని గుర్తుండుటకై గిటారున కా పేరు పెట్టితినని ఆయన చెప్పుచుండెడివాడు. ఈ యొక్క కథ క్రింద వ్రాసి ఆయన వాదనమును చూపినచో, పిల్లవాడు ఆ ఒక్క స్వరమును వేఱు చెవితో వినును.

మూడవ విషయము సంప్రదాయభేదము. కూర్పరి యొక్క పద్ధతినే నమ్ముకొనక నలుగురి వాకిళ్లకును పోవలెను. జాజ్ అను పద్ధతిలో వెస్ మాంట్‌గోమరీ అను మహనీయుడు గలడు. అందఱును చిన్నబిళ్లతో మీటుచుండగా ఆయన బొటనవ్రేలి కండతోనే మీటెను. ఒకే స్వరమును మంద్రమునను దానిపై స్థాయియందును ఒక్కసారిగా పలికించుట ఆయన ముద్ర. 1965లో ఆయన ఐరోపా యాత్ర చేసినప్పుడు అచ్చటి టెలివిజనువారు తీసిన చిత్రములు మిగిలియున్నవి. మఱుమూడేండ్లకు, 1968లో, ఆయన గతించెను. ఆ చిత్రములే లేకున్నచో ఆ బొటనవ్రేలు ఎట్లు నడచెనో నేటివారికి కనులార చూచు భాగ్యము లేదు.

భక్తిగానమున సిస్టర్ రోసెట్టా థార్ప్ అను నామె యుండెను. 1915లో అర్కాన్సాలో పుట్టి, చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటారుతో పాడుచు, రాక్ సంగీతమునకు పునాదిరాయి వేసినవారిలో నొకతె యయ్యెను. 1964 మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టరున వాడుక తప్పిన యొక రైలుస్టేషనులో టెలివిజనువారు ఆమెచే కచేరి చేయించిరి. శ్రోతలు ఒక ప్లాట్‌ఫారముపై కూర్చుండిరి, ఎదుటి ప్లాట్‌ఫారము వేదిక యయ్యెను. ఆనాడు వాన కురిసెను. ఆమె వానను గూర్చిన భక్తిగీతముతోనే ఆరంభించి, తెల్లని గిటారును భుజమున తగిలించుకొని ఆ తడిలో వాయించెను. స్త్రీలు ఈ వాద్యమున వెనుకబడినవారను మాట ఆ యొక్క చిత్రముముందు నిలువదు.

మఱియొక ప్రక్క టోనీ అయోమీ. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున రేకుల ఫ్యాక్టరీలో పనిచేయుచు 1965లో, పదునేడేండ్ల వయసున, యంత్రమునబడి కుడిచేతి రెండువ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. ఆతడు ఎడమచేతివాటమువాడు గాన మెట్లపై నడువవలసిన వ్రేళ్లవే. నిరాశతో నున్న యాతనికి ఫ్యాక్టరీ అధికారి యొకడు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించెను. ఆ జాంగో, 1928లో అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండువ్రేళ్లు చెడినను, మిగిలిన వ్రేళ్లతో లోకప్రసిద్ధుడైన గిటారువిద్వాంసుడు. అది వినిన అయోమీ ప్లాస్టికు కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, తీగలను సడలించుకొని, బరువైన నాదముతో మెటల్ అను పద్ధతికి మూలపురుషుడయ్యెను. ఇద్దఱి పద్ధతులకును పోలిక లేదు. అయినను కూర్పరి వీరిద్దఱిని ప్రక్కప్రక్కన నుంచినచో చూచువానికి ఒక సంబంధము గోచరించును. రాగమాలికలో ఒక రాగమునుండి మఱియొక రాగమునకు పోవునప్పుడు నడుమ వంతెన వేయు స్వర మొకటి యుండునట్లు, ఖండములకు నడుమ నిట్టి కారణ ముండవలెను.

నాలుగవది చిత్రముయొక్క సత్యము. పూర్వము టెలివిజను కార్యక్రమములు కొన్నింటిలో రికార్డు మ్రోగుచుండగా విద్వాంసులు వాయించునట్లు నటించెడి వాడుక యుండెను. అట్టి చిత్రమును విద్వత్తునకు నిదర్శనముగా చూపుట సరికాదు. కొందఱు ఒక యేటి చిత్రమునకు మఱియొక యేటి శబ్దము నతికింతురు. మఱికొందఱు తమదికాని చిత్రము పట్టుబడకుండుటకై అద్దములో ప్రతిబింబమువలె త్రిప్పివేయుదురు. అప్పుడు కుడిచేతివాడు ఎడమచేతివాడగును. జిమీ హెండ్రిక్స్ నిజముగ ఎడమచేతివాడు. ఆతడు కుడిచేతివారి గిటారును తలక్రిందుగా పట్టి, తీగలు మార్చి కట్టుకొనెను. ఆల్బర్ట్ కింగ్ అను మఱియొక ఎడమచేతివాడు తీగలనైనను మార్చక, లావుతీగలు క్రిందికి వచ్చునట్లే వాయించెను. తీగను ఆతడు లాగు తీరు వేఱుగా నుండుటకు ఇదియు నొక కారణము. త్రిప్పివేసిన చిత్రములలో ఈ రహస్యములన్నియు నశించును. పరీక్ష సులభము: గిటారు తలపైగాని డ్రమ్ముపైగాని అక్షరములున్నచో అవి తిన్నగా నున్నవో లేదో చూడుడు.

కెమెరా ఎచ్చట నిలిచినదియు విచారింపవలెను. విద్వాంసుని మొగముననే నిలిచిన చిత్రము ప్రేక్షకునికి వేడుక, విద్యార్థికి నష్టము. జెఫ్ బెక్ 2007లో లండనులోని రానీ స్కాట్స్ అను చిన్నశాలలో చేసిన కచేరి చిత్రమును చూడుడు. బిళ్ల లేకయే వ్రేళ్లతో మీటుచు, చిటికెనవ్రేలితో ధ్వనిమరను త్రిప్పుచు, లోహపుకమ్మిని మెల్లగా అదిమి వదలుచు ఆయన ఒకే స్వరమును మనుష్యకంఠమువలె పలికించుట అందు కనబడును. 2023లో ఆయన పోయినను ఆ చేతులు పాఠము చెప్పుచునే యున్నవి.

ఐదవది, ఖండమును ఎచ్చట కోయవలెనను ప్రశ్న. మా మనుమడు ఇట్టి కూర్పులు చేయువాడే. హెండ్రిక్స్ ఖండముగా వాడు 1967 జూనులో మాంటరే ఉత్సవమున గిటారును తగులబెట్టిన భాగమును మాత్రమే కోసి పెట్టుకొనెను. "ఓరీ, వాద్యమున కగ్నిసంస్కారము విద్యలోని ఏ యంగమురా?" అని యడిగితిని. "తాతయ్యా, జనము చూచునది అదేనండీ" అని వాడనెను. "అయినచో రెండేండ్ల తరువాతి దేమైన నున్నదా?" అనగా, 1969 ఆగస్టు 18వ తేది యుదయమున వుడ్‌స్టాక్ ఉత్సవములో ఆతడు అమెరికా జాతీయగీతమును గిటారుపై వాయించిన చిత్రమును చూపెను. వియత్నాము యుద్ధము జరుగుచున్న కాలమది. గీతము నడుమ ఆ తీగలలో బాంబులు పడుచున్నట్లును, జనులు ఆక్రోశించుచున్నట్లును వినబడును. మేము ఇరువురమును కొంతసేపు మాటాడలేదు. పిమ్మట వాడు నిప్పును తీసివేయలేదు. "అదియు చరిత్రయే గదా తాతయ్యా" అనెను. ఆ మాట నేనును ఒప్పుకొంటిని. రెంటిని వరుసగా నుంచి, క్రింద తేదులు వ్రాసెను. ఇరువదియేడేండ్లకే, 1970లో, పోయినవానికి ఆ రెండు చిత్రములును కలిసియే న్యాయము చేయుచున్నవి.

కోతను గూర్చియే మఱియొక యుదాహరణము. స్విట్జర్లండులోని మాంత్రో సంగీతోత్సవమున 1982లో స్టీవీ రే వాన్ అను టెక్సాసువాడు వాయించెను. అప్పటి కాతనికి పేరులేదు. సభలో కొందఱు ఆతనిని గేలిచేసిరి. అయినను ఆ యాత్రలో ఆతనిని వినిన జాక్సన్ బ్రౌన్ అను గాయకుడు తన స్టూడియోను ఉచితముగా వాడుకొమ్మనెను. అచ్చట తయారైన రికార్డు 1983లో వెలువడి ఆతనిని ప్రసిద్ధుని చేసెను. 1985లో ఆతడు ఆ మాంత్రోకే మరల వచ్చి మన్ననలందెను. 1990లో హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. ఈ రెండు కచేరీలను కలిపి యొకే సంపుటముగా వెలువరించినవారు గేలికేకలను తుడిచివేయలేదు. వాద్యము నభ్యసించుచు నిరుత్సాహపడిన పిల్లవానికి ఆ కేకలు విని, ఆ పిమ్మటి కరతాళధ్వనులను వినుట ఒక యుపదేశము. కేకలను కోసిన కూర్పరి ఆ యుపదేశమును గూడ కోసినవాడగును.

మన తెలుగువారికి ఇందు భాగమేమని యడుగుదురేమో. జాన్ మెక్‌లాఫ్లిన్ అను నాంగ్లేయుడు 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అను బృందమును స్థాపించి ఎలక్ట్రిక్ గిటారున ప్రచండవేగమును చూపినవాడు. ఆయన ఎస్. రామనాథన్ గారియొద్ద వీణ నభ్యసించెను. శక్తి అను బృందమున జాకీర్ హుస్సేన్ తబలాతోను, విక్కు వినాయకరామ్ ఘటముతోను వాయించెను. తరువాతి కాలమున అదే బృందము మరల కూడినప్పుడు ఆయన ప్రక్కన కూర్చున్నవాడు మన పాలకొల్లు బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టిన ఆ బాలునికి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయనకు మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడగా బాలుడు దానిని తీగలపై పలికించుచు నేర్చెను. 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవమున తొలికచేరి చేసెను. విదేశపు మాండలిన్‌లో జంటతీగలకు గమకము చక్కగా పలుకదు గాన ఐదు ఒంటితీగలతో విద్యుత్తు మాండలిన్‌ను వాడెను. నలువదియైదేండ్లకే, 2014లో, మనలను విడిచిపోయెను. మాండలిన్ గిటారు కాదని వాదించువారుందురు. పికప్ ఒకటే, సమస్యయు ఒకటే: మీటినంతనే చచ్చిపోవు నాదమును నిలిపి, అందు ప్రాణము పోయుట యెట్లు? కావున గిటారు కూర్పు చివర, సంగతి వివరించి, శ్రీనివాస్ ఖండ మొకటి చేర్చుట ధర్మమని నా యభిప్రాయము. మన యూరి పిల్లలకు ఆ వాకిలి దగ్గఱ.

ఒక హెచ్చరిక. ఈ చిత్రములు దిక్కులేని సొత్తులు కావు. తీసినవారికి, వాయించినవారికి, పాట కట్టినవారికి హక్కులు గలవు. అనుమతి దొరకునవి అనుమతితో కూర్చవలెను. దొరకనియెడల మూలము ఎచ్చట నున్నదో పట్టిక వ్రాసి, అచ్చటికే చూచువారిని పంపవలెను. అట్టి పట్టికయు సంకలనమే. పై మాంత్రో యుత్సవపు చిత్రభాండారమును యునెస్కో సంస్థ 2013లో ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది. యేటేట శ్రద్ధగా చిత్రములు తీయించి, తేదులతో భద్రపఱచిన క్లాడ్ నోబ్స్ అను నొక్కని పూనికవలన అది సాధ్యమైనది.

చివరగా పేరు సంగతి మరల చెప్పవలసియున్నది. వానలో వాయించిన ఆ రోసెట్టా థార్ప్ 1973లో ఫిలడెల్ఫియా నగరమున మరణించెను. ఏండ్ల తరబడి ఆమె సమాధిపై పేరు చెక్కిన రాయి లేదు. 2008లో అభిమానులు సంగీతసభ జరిపి, ధనము కూర్చి, రాయి నిలిపిరి. 2018లో రాక్ సంగీతజ్ఞుల కీర్తిశాలలో ఆమెకు స్థానము లభించినది. ఆమె చేతులను చూచి నేర్చినవా రెందఱో ధనవంతులైరి. పేరు వ్రాయకుండ ఆమె ఖండమును కూర్పులో చొప్పించువాడు ఆ రాతిని మరల పెఱికివేయుచున్నవాడే.

కావున పెద్దలారా, మీ యింటి పిల్లవాడు ఇట్టి కూర్పును చూచుచున్నప్పుడు కసరకుడు. ప్రక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలడుగుడు: వాయించువారెవరు? ఏ యేడు? ఏ యూర? తోడు వాయించినవారెవరు? వానికి తెలియకున్నచో వెదకి చెప్పుమనుడు. ఆ వెదకులాటలో వాడు చూచువాడుగా నుండి కూర్పరిగా మాఱును. ఆ తరువాత, "ఇందులో నీకు నచ్చిన యొక్క స్వరమేది?" అని యడుగుడు. వాడు వేగమును మఱచి ఆ స్వరముకొఱకు చెవియొగ్గును. మీరును ఒగ్గుడు.